పూసను చూసి బిళ్ల కొను: ముర్రీనీ సైజు గురించి అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు టార్చి మంటలో గాజు కరిగించి చేసిన పూసల ఫోటోలు పెద్దవి చేసుకుని మరీ చూశాను. గుండ్రంగానే వస్తున్నాయి. రెండు కొసల్లో కన్నం దగ్గర గాజు లోపలికి చక్కగా ముడుచుకుంటోంది, ఆ పనిలో నీకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. చెడుతున్నవి పూలే, అంటే లోపల పువ్వు బొమ్మ ఉన్న గాజు కడ్డీని అడ్డంగా కోసిన ముర్రీనీ బిళ్లలు. ఒక పూసలో రేకులన్నీ ఒక పక్కకి జారిపోయాయి. ఇంకోదాంట్లో పువ్వు చుట్టూ గాలి బుడగల వరస. మూడోదాంట్లో బిళ్ల సగం మునిగి సగం బయటికి పొడుచుకుని ఉండిపోయింది. "మంట ఎక్కువవుతోందా అత్తా, టార్చి మార్చమంటావా?" అని అడిగావు. టార్చి జోలికి పోకు. 12 మిల్లీమీటర్ల పూస మీద 8 మిల్లీమీటర్ల బిళ్ల పెడితే ఏ మంటైనా ఇంతే చేస్తుంది.

ముర్రీనీ అమ్మేవాళ్లు 3–4, 5–6, 7–8, 9–10 అని కొలతలు వేసి పొట్లాలు కడతారు. ఆ అంకె బిళ్ల అడ్డుకొలత ఒక్కటే చెబుతుంది. మందం ఎంతో చాలామంది రాయనే రాయరు. పైగా అది చల్లగా ఉన్నప్పటి కొలత. మనకి కావాల్సిందల్లా బిళ్ల కరిగి, పూసలో కలిసి, చదునయ్యాక ఎంత ఉంటుందన్నది. అది పొట్లం మీద ఉండదు, మన పూసను బట్టి మనమే లెక్కేసుకోవాలి.

ముందు ఒంపు సంగతి చూడు. బిళ్ల అడుగు బల్లపరుపు, పూస గుండ్రం. 12 మి.మీ. పూస మీద 8 మి.మీ. బిళ్ల పెడితే నడిమధ్యన ఆనుతుంది గానీ, అంచు దగ్గర పూసకీ బిళ్లకీ మధ్య ఒకటిన్నర మి.మీ. సందు మిగులుతుంది. అదే పూస మీద 4 మి.మీ. బిళ్లకైతే ఆ సందు మి.మీ.లో మూడో వంతే. పెద్ద బిళ్ల అంచులు వేడికి వంగి పూసను తాకేసరికి లోపలి గాలికి దారి మూసుకుపోతుంది. నీ రెండో ఫోటోలో కనిపించే బుడగలు అవే. ఆ ఒకటిన్నర మి.మీ. వంగే లోపు మంట ఒక పక్క కాస్త ఎక్కువ తగిలిందంటే రేకులు అటే జారతాయి. అది నీ మొదటి ఫోటో.

అందుకే గుండు పూసకి నేను పాటించేది ఒకటే: బిళ్ల అడ్డుకొలత పూస అడ్డుకొలతలో మూడో వంతు దాటకూడదు. 12 పూసకి 4, 15కి 5, 18కి 6. అంతకన్నా చిన్నది పెట్టొచ్చు, పెద్దది వద్దు. చేతిలో పట్టుకుని చూసినప్పుడు 4 మి.మీ. బిళ్ల మరీ చిన్నగా, ఎవరికీ కనపడదేమో అనిపిస్తుంది. కొట్లో నిలబడి కొనేవాళ్లందరికీ పెద్దదాని మీదికే చెయ్యి పోతుంది. కానీ తయారయ్యాక 12 పూస మీద 8 బిళ్ల చంటిపిల్ల నుదుటి మీద రూపాయి కాసంత బొట్టు పెట్టినట్టుంటుంది. పూస కనపడదు, బొట్టే కనపడుతుంది.

ఈ లెక్క గుండు పూసకే సుమా. గొట్టం పూస ఒక్క దిక్కునే వంగుతుంది, పొడవునా సాఫుగా ఉంటుంది కాబట్టి దాని మీద ఒక సైజు పెద్దది పెట్టినా ఇముడుతుంది. 19వ శతాబ్దంలో వెనిస్ నుంచి పశ్చిమ ఆఫ్రికాకి ఓడలకెక్కిన మిల్లెఫియోరి పూసలు, అంటే ముర్రీనీ పూలతో కప్పినవి, చూడు, ఎక్కువ భాగం గొట్టాలు, కోల పూసలే. బిళ్లల్ని పక్కపక్కనే పేర్చి ఒళ్లంతా పూలతో కప్పాలంటే ఆ ఆకారమే అనువు. ఇక ప్రెస్సులో నొక్కి పప్పుగింజ ఆకారంలో చేసే లెంటిల్ పూస దాదాపు చదునే. 25 మి.మీ. లెంటిల్ మధ్యలో 9–10 మి.మీ. బిళ్ల ఒక్కటే పెట్టి వదిలేస్తే అందంగా ఉంటుంది. నీ దగ్గర ఇప్పటికే ఉన్న పెద్ద బిళ్లల్ని పారెయ్యకు, వాటికి లెంటిల్ చెయ్యి.

ఇక మందం. వెడల్పు కన్నా ఇదే ఎక్కువ పాడు చేస్తుంది, దీన్నెవరూ పట్టించుకోరు. పొట్లంలో బిళ్లలు చేత్తో కత్తిరించినవి, ఒకటి 2 మి.మీ. ఉంటే పక్కది 5 ఉంటుంది. మందపాటి బిళ్లని పూస మీద పెడితే అది స్తంభంలా నిలబడుతుంది. అడుగు మెత్తబడినా తల గట్టిగానే ఉంటుంది. తల కరిగే సమయానికి పక్క గోడలు కిందికి జారి పూస మీద పరుచుకుంటాయి. అప్పుడు ఆ బిళ్ల బయటి పొర రంగు పువ్వు చుట్టూ వెడల్పాటి పట్టీలా తేలుతుంది, పువ్వు మధ్యలో బిక్కుబిక్కుమంటూ ఉంటుంది. మరీ పల్చటిది, ఒకటిన్నరకి లోపుదైతే, వేడికి అంచులు లేచి ముడుచుకుంటాయి, రంగు కూడా పేలవంగా పడుతుంది. 2 నుంచి 3 మధ్య ఉన్నవే నేను పూసకి తీసుకుంటాను. పొట్లం రాగానే ఒక పళ్లెంలో పోసి, వెర్నియర్ పెట్టి మందాల వారీగా మూడు డబ్బాల్లో వేసుకో. ఏటవాలుగా తెగినవి విడిగా పెట్టు, వాటిలో పువ్వు ఎప్పుడూ పక్కచూపే చూస్తుంది.

కరిగాక ఎంత సాగుతుందో చూద్దాం. 4 మి.మీ. వెడల్పు, 3 మందం ఉన్న బిళ్ల పూర్తిగా దిగేసరికి 5కీ 6కీ మధ్యకి వస్తుంది. తెలుపు, నలుపు లాంటి మెత్తటి రంగులు ఎక్కువున్నది ఇంకాస్త పరుచుకుంటుంది, పారదర్శక రంగులది తక్కువ. ఇది లెక్కలోకి తీసుకోకుండా చల్లటి బిళ్లల్ని చూసి ఎన్ని పడతాయో అనుకుంటే ఇరుకైపోతుంది. ఒక పని చెయ్యి. సన్నటి కాగితపు పట్టీని తయారైన 12 పూస నడుముకి చుట్టి, కలిసిన చోట తుంచు. 38 మి.మీ. దాకా వస్తుంది. దాని మీద 5.5 మి.మీ. చుక్కలు గీసి చూడు. నాలుగు పువ్వులైతే మధ్యలో పూస రంగు కనపడేంత చోటు ఉంటుంది. ఏడు పెడితే ఒకదాన్నొకటి తోసుకుని, గుండ్రటి పూలు కాస్తా మూలలు తేలి తేనెపట్టు గదుల్లా అయిపోతాయి. అదీ బాగుంటుంది, కానీ కావాలని చేస్తేనే.

ఇంకోటి, బిళ్లలు దిగితే పూస పెరుగుతుంది. 12 పూసలోకి 6 వెడల్పు, 3 మందం బిళ్లలు నాలుగు దించావంటే అది 13 దాటిపోతుంది. జూకాల జత చేస్తున్నప్పుడు ఒకటి 12, రెండోది 13 అయితే పెట్టుకునేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. 12 కావాలంటే, 4 మి.మీ. బిళ్లలు నాలుగు పెట్టేటట్టయితే, అడుగు పూసని 11 దగ్గరే ఆపు.

పువ్వు మీద క్లియర్ గాజు చుక్క వేసి కప్పేటట్టయితే సైజు ఇంకా తగ్గించు. ఆ చుక్క భూతద్దంలా పని చేస్తుంది, 3 మి.మీ. బిళ్ల కూడా నిండుగా కనపడుతుంది. బిళ్ల పక్కల చుట్టూ ముందు సన్నగా క్లియర్ తీగ చుట్టి ఆ తర్వాత పైన చుక్క వేస్తే రేకులు చెదరవు. ఇలా కప్పిన పూలే నాకు ఎక్కువ ఇష్టం. మీ వయసువాళ్లు పైకి తేలిన పువ్వే కావాలంటారు, మీ ఇష్టం.

సైజు తగ్గించమన్నానని ఏ డిజైనైనా చిన్నది కొనేయకు. 3 మి.మీ. బిళ్లలో మూడు వలయాలు, పన్నెండు రేకులు ఉన్నా ప్రయోజనం లేదు, కరిగాక బూడిద రంగు చుక్కే మిగులుతుంది. చిన్నదానికి ఒక చుక్క, దాని చుట్టూ ఐదారు రేకులు, రెండు మూడు రంగులు, ముదురు పక్కన లేత. అంతకు మించి పనికిరాదు. వెనిస్ పక్కనే గాజు పనికి పేరున్న మురానో దీవిలో 1860ల ప్రాంతంలో జాకొమో ఫ్రాంకీనీ అనే ఆయన గరిబాల్డీ, కవూర్ లాంటి ఇటలీ నాయకుల ముఖాల్ని గోరంత గాజు కడ్డీలో కళ్లూ మీసాలతో సహా పట్టించాడు. అవి చూసి ముచ్చటపడాల్సిందే గానీ పూసలో కరిగించాల్సినవి కావు. నీ చేతిలో ఒకటి పడినా చదును పెట్టి సానపట్టి దాచుకోమంటాను.

నీకు మరో దారి ఉంది, నన్నడిగితే ఇదే మేలు. బిళ్లలు కాకుండా 8 మి.మీ. కడ్డీ ముక్కలు కొను. కొస వేడి చేసి, అది బాగా మెత్తబడ్డాక మంట బయటికి తెచ్చి, పట్టకారుతో తొందర పడకుండా లాగు. 8 కాస్తా 4 అయితే ఒక సెంటీమీటరు నాలుగు సెంటీమీటర్లవుతుంది, పువ్వు మాత్రం చెక్కుచెదరదు. మన పాపానాయుడుపేటలో కొలిమి ముద్దలోంచి సన్నటి గొట్టం లాగి ముక్కలు చేసి పూసలు చేసేవాళ్లు కదా, సూత్రం అదే: గాజు ఎంత సాగినా లోపలున్నది అదే పాళ్లలో సన్నబడుతుంది. అక్కడ లోపలున్నది కన్నం, ఇక్కడ పువ్వు. ఇలా లాగుకుంటే ఒకే కడ్డీలోంచి 3, 4, 5 అన్నీ వస్తాయి, మందం కూడా నువ్వు కోసుకున్నంతే. మొజాయిక్ కట్టర్‌తో కొయ్యి. కట్టర్‌ని, కడ్డీని ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి కోస్తే ముక్కలు గది నాలుగు మూలలా ఎగరవు. కళ్లద్దాలు పెట్టుకోకుండా మాత్రం కోయకు.

డబ్బు విషయం కూడా చూడు. ముర్రీనీని తూకం మీద అమ్ముతారు. 3 మందం ఉన్న 4 మి.మీ. బిళ్లలు ఒక ఔన్సుకి, అంటే 28 గ్రాములకి, దాదాపు మూడొందలు తూగుతాయి. 8 మి.మీ. బిళ్లలు డెబ్బై అయిదే. చిన్నవి గ్రాము ధర ఎక్కువని వెనక్కి తగ్గకు, పువ్వు ధర చూసుకో. "మిక్స్" అని రాసిన చౌక పొట్లాలు మొదటిసారి వద్దు. అందులో సగం పెద్దవే వస్తాయి. ఆ పైన, కొన్నవి ఏ గాజో అమ్మేవాడు కచ్చితంగా రాసి ఉండాలి. నువ్వు వాడేది ఎఫెత్రె కంపెనీ గాజు, దాని వ్యాకోచం అంకె, అంటే వేడికి ఎంత సాగుతుందో చెప్పేది, 104. బుల్స్‌ఐ అనే ఇంకో కంపెనీ గాజు 90ది. రెండూ కలిపితే పూస చేతికి బాగానే వస్తుంది, తర్వాతెప్పుడో టప్పున పగులుతుంది. నగల రెజిన్ పని కోసమని అమ్మే మిల్లెఫియోరి మీద ఆ అంకె ఉండదు. వాటి జోలికి వెళ్లకు.

కొన్నాక పెట్టే పద్ధతి నీకు చాలావరకు తెలుసు, రెండు మూడు ముక్కలే చెబుతాను. బిళ్లల్ని పూసలు చల్లార్చే కిల్న్ గడప మీదో హాట్‌ప్లేట్ మీదో ముందే వేడెక్కనివ్వు. చిన్నవి ఎలాగోలా తట్టుకుంటాయి, పెద్దవి తిన్నగా మంటలోకి వెళితే చిట్లి ఎగురుతాయి. బిళ్ల కూర్చునే చోట పూసని గ్రాఫైట్ పలకతో ఒక్క నొక్కు నొక్కి చిన్న చదును చెయ్యి. పైన చెప్పిన సందు సగం అక్కడే పోతుంది. పట్టకారుతో పట్టుకుని బిళ్ల వీపుని మాత్రమే మంటకి చూపించి పెట్టు. పూస ఎర్రగా కాలుతున్నప్పుడు పెట్టకు, మెరుపు తగ్గాక పెట్టు. ఆ తర్వాత మంట పువ్వు ముఖం మీద కాదు, అంచుల చుట్టూ తిరగాలి. పూస అడుగు రంగు, బిళ్ల బయటి పొర రంగు ఒకటే అయితే అతుకు ఎక్కడుందో ఎవరికీ తెలియదు, చిన్న చిన్న తేడాలు కూడా అందులో కలిసిపోతాయి. ఆర్డరు పెట్టేటప్పుడు బయటి రంగు చూసి, దానికి సరిపోయే గాజు రాడ్డు కూడా అందులోనే వేసెయ్యి. లేత దంతం రంగు పొర ఉన్నవి మాత్రం టర్కాయిస్ మీద పెట్టకు, రెండూ కలిసిన చోట నల్లటి గీత పడుతుంది. కొందరు ఆ గీత కోసమే పెడతారనుకో.

ఇప్పటికి 3–4 సైజువి ఒక ఔన్సు, 8 మి.మీ. కడ్డీలు రెండు మూడు రకాలు చాలు. 5–6వి నువ్వు 15 మి.మీ. పూసలు నిలకడగా చెయ్యడం మొదలెట్టాక కొనుక్కోవచ్చు. 9–10 సంగతి ఇప్పుడే చెప్పలేను. నీ లెంటిల్ ప్రెస్ 20దో 25దో రాయలేదు నువ్వు. 20ది అయితే మధ్యలో 7కి మించి పెట్టనివ్వను. కొలిచి చెప్పు, అప్పటిదాకా ఆ పెద్ద పొట్లం బుట్టలోనే ఉంచు, డబ్బు కట్టకు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య