పీసీ చవకైతే చిప్ ఫ్యాక్టరీలు ఆగిపోతాయా?

ప్రశ్న: సార్, పీసీల రేట్లు తగ్గితే చిప్ కంపెనీలకి లాభం తగ్గుద్ది కదా, మరి కొత్త ప్లాంట్ల మీద డబ్బులెందుకు పెడతారు? 1990ల చివర్లో వెయ్యి డాలర్ల లోపు పీసీలు రాగానే చాలా ప్లాంట్లు మూతపడ్డాయని మా లెక్చరర్ గారు చెప్పారు, నిజమేనా? (బీటెక్ స్టూడెంట్, కాకినాడ)

జవాబు: మూతపడిన మాట నిజమేనండీ, కాకపోతే ఏది ముందు ఏది వెనక అన్న దగ్గరే తిరకాసు ఉంది. 1995లో విండోస్ 95 హడావుడి చూసి ఇక ప్రతి పీసీకీ బోలెడు ర్యామ్ (మెమరీ చిప్పులు) కావాలి అనుకుని కొరియా, జపాన్, తైవాన్, యూరప్ ఎక్కడ చూసినా మెమరీ ప్లాంట్లు ఎడాపెడా మొదలెట్టేశారు. ఒక్కోదానికి వంద కోట్ల డాలర్ల పైమాటే, కట్టడానికి ఏళ్ళు పడుతుంది, తీరా అన్నిటి సరుకూ ఒకేసారి దిగేసరికి 1996లో ర్యామ్ రేటు కుప్పకూలింది, 1997లో ఆసియా సంక్షోభంతో కొరియా కరెన్సీ వాన్ విలువ పడిపోయి ఇంకా కిందకి పోయింది. అంటే చవక పీసీ వచ్చి ర్యామ్ వాళ్ళని ముంచలేదు, ర్యామ్ వాళ్ళు మునిగారు కాబట్టే పీసీ అంత చవగ్గా వచ్చింది! 1997 మొదట్లో కాంపాక్ 999 డాలర్లకి అమ్మిన పీసీ చూడండి (మానిటర్ వేరే లెండి), అందులో సైరిక్స్ అనే కంపెనీ ప్రాసెసర్ చిప్పు, గ్రాఫిక్స్ సౌండ్ పని కూడా దాదాపు అదే లాగించేసేది.

దెబ్బ ఎలా ఉండిందంటే, ఇంగ్లండ్‌లో నార్త్ టైన్‌సైడ్ దగ్గర సీమెన్స్ ప్లాంటుని 1997లో సాక్షాత్తూ ఎలిజబెత్ రాణి ప్రారంభిస్తే 1998 జులైలో మూసేస్తున్నాం అన్నారు, సుమారు 1,100 ఉద్యోగాలు. కొద్ది వారాలకే ఫుజిత్సు న్యూటన్ ఐక్లిఫ్ ప్లాంటు కూడా అంతే, అది ప్రధాని బ్లెయిర్ సొంత నియోజకవర్గం, అయినా ఆగలేదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అయితే మెమరీ వ్యాపారం మొత్తం అమెరికా మెమరీ కంపెనీ మైక్రాన్‌కి అమ్మేసి బయటపడింది.

ప్రాసెసర్లు చేసే ఇంటెల్‌కి కూడా కాక తగిలింది, టెక్సాస్‌లో ఫోర్ట్‌వర్త్ ప్లాంటు వాయిదా పడీ పడీ చివరికి కట్టనే లేదు. కానీ రేటు తన చేతిలో ఉంది కాబట్టి తెలివిగా సరుకుని విడదీసింది, 1998 ఏప్రిల్‌లో చవక పీసీలవాళ్ళకి సెలెరాన్ చిప్పు, జూన్‌లో సర్వర్లవాళ్ళకి ఖరీదైన జియాన్. మొదటి సెలెరాన్‌లో ఎల్2 క్యాష్ (ప్రాసెసర్ పక్కనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) పీకేశారు, నత్తనడక, అందరూ తిట్టారు, ఆగస్టులో 128 కేబీ క్యాష్‌తో సెలెరాన్ 300ఏ వచ్చాక ఓవర్‌క్లాకింగ్ (చిప్పుని కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువకి నడపడం) చేసే కుర్రాళ్ళు దాన్ని 450 మెగాహెర్ట్జ్‌కి తోసి పండగ చేసుకున్నారు. అసలు డబ్బు మాత్రం జియాన్‌లోనే, నా లెక్కలో చవక పీసీ ఖర్చుని మోసింది అదే.

ఇక మీరడిగిన ఎందుకు పెడతారు అన్నదానికొస్తే, చిప్పు రేటు పడేకొద్దీ ఒకే వేఫర్‌లో (చిప్పులు తయారయ్యే సిలికాన్ బిళ్ళ) ఎక్కువ చిప్పులు తీయకపోతే గిట్టదు. 200 మిల్లీమీటర్ల వేఫర్ బదులు 300ది వాడితే వైశాల్యం 2.25 రెట్లు, కాకపోతే ఆ మెషిన్లు పెట్టడానికే మళ్ళీ కొత్త ప్లాంటు కావాలి. డబ్బున్నోడు పెడతాడు, లేనోడు అమ్మేసుకుంటాడు.

ప్రశ్న: మరి 2025 చివర్లో ర్యామ్ రేట్లు ఎందుకు పెరిగాయి సార్? (పాఠకురాలు, వరంగల్)

జవాబు: ఏఐ సర్వర్ల మెమరీలో లాభం ఎక్కువని కంపెనీలు అటు తిరిగాయమ్మా, పీసీలకిచ్చే సరుకు తగ్గింది. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటోళ్ళకి అమ్మడమే మానేస్తానని 2025 డిసెంబర్‌లో చెప్పేసింది. అప్‌గ్రేడ్ మరీ అర్జెంటు కాకపోతే కొన్నాళ్ళు ఆగండి.