చికిత్స అయిపోయాక మిగిలే భయానికీ చికిత్స ఉంది

రొమ్ము క్యాన్సర్ నయమైందని డాక్టర్లు చెప్పినా మీ అక్క రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోందని, ఆసుపత్రి పేరెత్తితేనే వణికిపోతోందని, చేయించుకోవలసిన పరీక్షను వాయిదా వేస్తోందని రాశారు. అందరూ ధైర్యం చెబుతున్నా ఎందుకిలా అని అడిగారు.

ఆమెకు ధైర్యం లేక కాదండీ. నాకూ అదే జబ్బు వచ్చింది. కీమో జరిగినన్నాళ్లు గట్టిగానే నిలబడ్డాను. అంతా అయిపోయి, ఇంట్లోవాళ్లు సింహాచలం వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చాక మొదలైంది. బయాప్సీ ఫలితం నాకు ఫోనులో చెప్పారు, మద్దిలపాలెం కూడలిలో ఆటోలో ఉండగా. తరువాత ఫోను మోగితే చాలు, అరచేతులు చెమటలు పట్టేవి. ఆ కూడలి తప్పించుకోవడానికి ఎంత చుట్టయినా తిరిగి వెళ్లేదాన్ని. స్పిరిట్ వాసన తగిలితే కడుపులో తిప్పేది.

ప్రమాదంలో చిక్కుకుని బయటపడ్డవారికి ఆ ప్రమాదం గడిచిపోయిందన్న ఊరట ఉంటుంది. మనకు ఆ ఊరట ఉండదు. జబ్బు ఒంట్లోనే ఎక్కడో మిగిలి ఉందేమోనన్న అనుమానం ప్రతి నొప్పికీ లేస్తుంది. ప్రాణాంతక వ్యాధి ఉందని తెలియడం కూడా, ఘోరమైన అనుభవం తరువాత మనసును వదలని భయాల జబ్బయిన పీటీఎస్‌డీకి కారణం కావచ్చని అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994 నాటి ప్రమాణ గ్రంథంలో చేర్చింది. 2013లో ఆ నిర్వచనాన్ని బాగా కుదించింది. అందుకని డాక్టరు ఆ పేరు రాయకపోవచ్చు. పేరేదైనా చికిత్స మాత్రం ఉంది.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఆమె పరీక్ష వాయిదా వేయడం. తప్పించుకున్న ప్రతిసారీ కాసేపు హాయిగా ఉంటుంది, ఆ హాయి వల్లే భయం ఇంకా బలపడుతుంది. నెల దాటినా ఈ లక్షణాలు తగ్గలేదంటే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. మన విశాఖపట్నంలో, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. గడప దాటడానికి ఆమె ఇష్టపడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. నాకు మేలు చేసింది కౌన్సెలింగే. తప్పించుకుంటున్న వాటి దగ్గరకు కొద్దికొద్దిగా, తోడుతో వెళ్లడం నేర్పారు.

ఒక్క సంగతి తప్పక గుర్తుంచుకోండి. ఆమె టామాక్సిఫెన్ (రొమ్ము క్యాన్సర్ మళ్లీ రాకుండా ఇచ్చే మాత్ర) వాడుతుంటే ఆ మాట మానసిక వైద్యులకు ముందే చెప్పండి. కుంగుబాటుకూ ఆందోళనకూ ఇచ్చే మందుల్లో పారాక్సెటిన్, ఫ్లూక్సెటిన్ లాంటివి దాని పనిని తగ్గించవచ్చు. వేరే మందులు ఉన్నాయి, వారే చూసి రాస్తారు. వాడుతున్నది మాత్రం సొంతంగా ఆపకూడదు.

ఇక ఇంట్లో "అంతా అయిపోయిందిగా, ఇంకా ఎందుకు భయం" అనడం దయచేసి మానేయండి. ఆ మాట విన్నాకే నేను ఎవరికీ ఏమీ చెప్పుకోవడం మానేశాను. ఈసారి పరీక్షకు మీరే తోడు వెళ్లండి. ఫలితం ఎవరు వినాలో, ఎక్కడ వినాలో ఆమెనే ముందుగా అడగండి.