జైలు గేటు దాటాక మొదటి రెండు వారాలు

ప్రశ్న: మా తమ్ముడు వచ్చే నెల జైలు నుంచి విడుదలవుతున్నాడు. షుగరుకు ఇన్సులిన్ తీసుకుంటాడు, ఫిట్స్ కూడా ఉన్నాయి. మా ఇంట్లో పెట్టుకునే వీల్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఈ వారమే మొదలుపెట్టండి. వైద్య వివరాలు ఇవ్వాలంటే సాధారణంగా అతని సంతకం అడుగుతారు. ఆ పని అతను లోపల ఉండగానే తేలిక. రాతపూర్వకంగా మూడు అడిగించండి. మొదటిది జబ్బులు, మందుల పేర్లు, డోసులు, ఆఖరి పరీక్షల ఫలితాలు ఉన్న కాగితం. రెండోది కనీసం రెండు వారాలకు, వీలైతే నెలకు సరిపడా మందులు, సూదులు. మూడోది బయటి డాక్టరును వారంలోపే కలిసేలా ఖాయం చేసిన తేదీ. ఖైదీలను ఎలా చూడాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 24వది చికిత్స తెగిపోకూడదంటుంది. విడుదలయ్యేవారికి గుర్తింపు పత్రాలు, తగిన నివాసం, బట్టలు, తొలిరోజులు గడిచే ఆధారం ఉండేలా చూడాలని 108వది చెబుతుంది. ఇవి చట్టమంత గట్టివి కావు, అయినా దరఖాస్తులో ఈ నంబర్లు రాయండి.

ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఇన్సులిన్‌తో చిక్కు వేరు. జైల్లో భోజనం వేళకు అందుతుంది, డోసు ఆ వేళలను బట్టే నిర్ణయించి ఉంటుంది. బయట ఒక పూట తిండి దొరక్కపోతే అదే డోసుకు షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, తడబడే మాట చూసి తాగి ఉన్నాడనుకుని జనం తప్పుకుపోతారు. మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. తిండికి ఠికానా లేని రోజుల్లో డోసు ఎలా ఉండాలో విడుదలకు ముందే డాక్టరు చేత రాయించండి. జేబులో పంచదార పొట్లం, జబ్బు పేరు రాసిన చీటీ ఎప్పుడూ ఉండాలి. షుగరు పడితే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు ఆ లక్షణాలు తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవాలి.

షెల్టరుకు, అంటే ఇల్లు లేనివారు తలదాచుకునే చోటికి, ఫోన్ చేసినప్పుడు మంచం ఖాళీ ఉందా అని అడిగి ఊరుకోవద్దు. ఫ్రిజ్ ఉందా, సూదులు దగ్గర పెట్టుకోనిస్తారా, పగలు బయటికి పంపేస్తారా, జైలు నుంచి వచ్చినవారిని చేర్చుకుంటారా, ఇవన్నీ అడగండి. ఫిట్స్ ఉన్నవారికి కింది మంచమే కావాలి, పై బెర్త్ ప్రమాదం. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసా చాలా రకాల్లో మామూలు గది వేడిలో నాలుగు వారాల దాకా పనికొస్తుంది. కానీ ఎండ తగలకూడదు, గడ్డకడితే పారేయాల్సిందే.

సెలవుకు ముందురోజు సాయంత్రం విడుదలైతే ఆఫీసులు, క్లినిక్‌లు అన్నీ మూసి ఉంటాయి. తేదీ మారడమూ మామూలే. విడుదలకు ముందురోజు జైలుకూ షెల్టరుకూ రెండింటికీ ఫోన్ చేసి, గేటు దగ్గర ఎవరో ఒకరు ఉండేలా చూడండి.

ప్రశ్న: హెరాయిన్ అలవాటున్న స్నేహితుడు ఏడాది తర్వాత బయటికొస్తున్నాడు. లోపల మానేశాడు. ఇంక భయం లేనట్టేనా?

జవాబు: ఇప్పుడే ఎక్కువ భయపడాలి. మానేసిన కాలంలో శరీరం తట్టుకునే శక్తి పోతుంది. ఒకప్పుడు సరిపోయిన మోతాదే ఇప్పుడు ఊపిరి ఆపేస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైనవారిపై 2007లో వెలువడిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో మరణించే ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే 12.7 రెట్లు ఉంది. అందులో మొదటి కారణం మత్తుమందుల ఓవర్‌డోస్. హెరాయిన్ అలవాటుకు చికిత్సగా డాక్టర్లు ఇచ్చే మెథడోన్ గానీ బ్యూప్రెనార్ఫిన్ గానీ జైల్లోనే మొదలై బయట ఒక్కరోజు కూడా తెగకుండా సాగడం ప్రాణరక్షణ. దాన్ని పాత అలవాటుకు కొత్త పేరుగా చూడకండి. అతనితో ఉండేవారి దగ్గర నలోక్సోన్, అంటే హెరాయిన్ ఓవర్‌డోస్‌కు విరుగుడు మందు, ఉండాలి. అది ఇచ్చాక లేచి కూర్చున్నా వదిలి వెళ్లొద్దు. దాని పని అరగంట నుంచి గంటన్నరలో అయిపోతుంది, మత్తు మళ్లీ కమ్ముకోవచ్చు.

ప్రశ్న: టీబీ మందులు సగంలో ఉండగా విడుదలైతే?

జవాబు: సాధారణ టీబీకి కోర్సు సాధారణంగా ఆరు నెలలు. రెండో నెలకే దగ్గు తగ్గి ఒళ్లు తేలికపడుతుంది, ఉండే చోటు కూడా లేని మనిషికి మందు అప్పుడే వెనకబడుతుంది. మధ్యలో వదిలేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని టీబీగా మారవచ్చు. చికిత్స మొదలైన తేదీ, మందుల వివరం, కళ్లె పరీక్ష ఫలితాలతో బదిలీ పత్రం తీసుకుని, అతను తల దాచుకోబోయే చోటికి దగ్గరి టీబీ కేంద్రానికి ముందే పంపించండి. అంటుకునే దశ దాటిందని డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంటే షెల్టరు వాళ్లకూ అభ్యంతరం చెప్పే కారణం ఉండదు.