నల్ల మెట్టు ఒకటే, పేర్లు రెండు ఎందుకు?

ప్రశ్న: మా చర్చి గాయక బృందానికి వాయించాలని కీబోర్డు నేర్చుకుంటున్నాను. జీ మేజర్‌లో ఉన్న ఒక కీర్తనలో పంక్తి మొదట ఎఫ్ గీత మీద షార్ప్ ఉంది. నడుమ ఒకచోట ఎఫ్‌కు ముందు నేచురల్ గుర్తు (షార్ప్, ఫ్లాట్‌లను రద్దు చేసేది) వేశారు. అక్కడి నుంచి ఎఫ్‌లన్నీ నేచురల్‌గానే వాయించాలా? సీ షార్ప్, డీ ఫ్లాట్ ఒకే నల్ల మెట్టు అయినప్పుడు రెండు పేర్లు దేనికి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అక్కరలేదండీ. పంక్తి మొదట ఉన్న షార్ప్‌ను కీ సిగ్నేచర్ అంటారు. మధ్యలో దాన్ని మార్చి రాయనంతవరకు, ఏ స్థాయిలో వచ్చిన ఎఫ్‌కైనా అది వర్తిస్తుంది. నడుమ వచ్చే గుర్తు యాక్సిడెంటల్. అది ఆ బార్ (రెండు నిలువు గీతల మధ్య భాగం) చివరి నిలువు గీత వరకే, అదీ తాను పడిన గీతకో ఖాళీకో మాత్రమే చెల్లుతుంది. కాబట్టి ఆ బార్‌లో అదే స్థానంలో మళ్లీ ఎఫ్ వస్తే నేచురల్‌గా వాయించి, నిలువు గీత దాటగానే ఎఫ్ షార్ప్‌కు తిరిగి రావాలి. బార్ చివరి స్వరాన్ని టై అనే వంపుగీతతో తరువాతి బార్‌లోని అదే స్వరానికి కలిపినప్పుడు మాత్రం ఆ కలిసిన స్వరం పూర్తయ్యేదాకా గుర్తు నిలుస్తుంది. కొన్ని పుస్తకాల్లో తరువాతి బార్‌లో ఎఫ్‌కు మళ్లీ షార్ప్ వేస్తారు. అది జ్ఞాపకం చేయడానికే తప్ప స్వరాన్ని ఇంకొంచెం పెంచమని కాదు.

ఇక షార్ప్ అంటే నల్ల మెట్టు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. షార్ప్ స్వరాన్ని కుడివైపు పక్క మెట్టుకు జరుపుతుంది, ఫ్లాట్ ఎడమవైపు పక్క మెట్టుకు. ఆ మెట్టు ఏ రంగుదైనా సరే. మన నెల్లూరు, ఒంగోలు వైపు హార్మోనియం వాయించేవారు సీని ఒకటి శ్రుతి, సీ షార్ప్‌ను ఒకటిన్నర, జీ షార్ప్‌ను ఐదున్నర అంటారు కదా. ఆ లెక్కలో మూడున్నర, ఏడున్నర వినిపించవు, ఎందుకంటే ఈకి ఎఫ్‌కు మధ్య, బీకి పై సీకి మధ్య నల్ల మెట్టు లేదు. అందుచేత ఈ షార్ప్ అని రాసి ఉంటే నొక్కవలసింది ఎఫ్ అనే తెల్ల మెట్టునే.

రెండు పేర్ల సంగతి కర్ణాటక సంగీతం తెలిసినవారికి కొత్త కాదు. అక్కడ 12 స్వరస్థానాలకు 16 పేర్లున్నాయి. సీని షడ్జమం (స) చేసుకుంటే డీ మెట్టు శంకరాభరణ రాగంలో చతుశ్శ్రుతి రిషభం (రి), కనకాంగి రాగంలో శుద్ధ గాంధారం (గ). మేళకర్తలో, అంటే ఏడు స్వరాలూ ఉండే మూల రాగంలో, రి, గ రెండూ ఉండి తీరాలి గనుక శుద్ధ రిషభం పక్కన వచ్చినప్పుడు అది గాంధారం కావలసిందే. పాశ్చాత్య మేజర్ స్కేలులోనూ ఏడు అక్షరాలూ ఒక్కొక్కసారి రావాలి. ఎఫ్ మేజర్‌లో బీ ఫ్లాట్‌ను ఏ షార్ప్ అని రాస్తే ఏ రెండుసార్లు వచ్చి, బీ అసలు లేకుండా పోతుంది.

స్కేలుకు బయటి స్వరం వచ్చినప్పుడు, అది ఎటు నడుస్తున్నదో చూడండి. మీ కీర్తనలోనే సీ, డీల మధ్య నల్ల మెట్టు నుంచి పైనున్న డీకి చేరేచోట సీ షార్ప్ అనే రాస్తారు. డీ ఫ్లాట్ అని రాస్తే అదే బార్‌లో వెంటనే వచ్చే డీకి నేచురల్ గుర్తు కూడా వేయవలసి వస్తుంది, చదివేవారికి శ్రమ రెట్టింపవుతుంది.