రసీదు అడిగితే విశ్వాసం లేనట్టా?

మీ ప్రశ్నలకు మా జవాబులు

ప్రశ్న: నేనొక క్రైస్తవ సేవాసంస్థలో అకౌంట్స్ చూస్తాను. ఫీల్డ్‌లో తిరిగే బ్రదర్స్‌ని బిల్లులు అడిగితే "మేం ఆత్మల కోసం తిరుగుతుంటే నువ్వు కాగితాల కోసం తిరుగుతున్నావు" అంటారు. ఈమధ్య పిల్లల పుస్తకాలకని ఒక దాత పంపిన డబ్బు తీసుకెళ్లి ఎవరి వైద్యానికో ఖర్చుపెట్టి వచ్చారు. నేను ఒప్పుకోలేదని మర్నాడు ప్రార్థనలో నా పేరెత్తకుండా నా గురించే ప్రార్థించారు. నాది పరిచర్య కాదా? – ఒక సోదరి

జవాబు: ముందు ఆ ప్రార్థన సంగతి. మనిషికి చెప్పాల్సింది కళ్లు మూసుకుని దేవుడికి చెబుతున్నట్టు అందరికీ వినిపించడం మన సంస్థల్లో పాత జబ్బే సిస్టర్. ఆ బ్రదర్‌ని విడిగా కూర్చోబెట్టి "నా మీద కోపముంటే నాకే చెప్పండి" అనేయండి, అక్కడితో వదిలేయండి.

మీది పరిచర్యేనా అంటారా, అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీయండి. గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపిణీలో పట్టించుకోవడం లేదని సణుగుడు మొదలైంది. అపొస్తలులు ప్రార్థన, వాక్యం తమ దగ్గర ఉంచుకుని పంపిణీకి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. లెక్కలొస్తే చాలనలేదు, మంచి పేరుండాలి, ఆత్మతో జ్ఞానంతో నిండినవాళ్లై ఉండాలన్నారు, చేతులుంచి ప్రార్థన చేసి మరీ నియమించారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే, అంటే ఫిర్యాదు చేసినవాళ్ల వైపు మనుషులకే పని అప్పగించినట్టుంది, నాకైతే ఆ తెలివి భలే నచ్చుతుంది. వాళ్లలో స్తెఫను, ఫిలిప్పు తర్వాత ఎంత గట్టిగా సువార్త చెప్పారో మీ బ్రదర్స్‌కి నేను చెప్పక్కర్లేదు. పౌలు కూడా యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగైన చందా తీసుకెళ్లే పనిలో సంఘాలు ఏర్పరచిన మనిషిని తోడు పెట్టుకున్నాడు, డబ్బు విషయంలో ఎవరూ తన మీద నింద వేయకూడదని (2 కొరింథీయులు 8). అంతటివాడికి లేని నామోషీ వీళ్లకెందుకో!

అయితే ఒకటి చెబుతాను, ఏమీ అనుకోకండి. మీరు అడ్డు చెప్పడం సరైనదే, కానీ ఆ బ్రదర్ చేసింది దొంగతనమూ కాదు. ఎదురుగా ఒక మనిషి నొప్పితో మెలికలు తిరుగుతుంటే, జేబులో ఉన్నది పుస్తకాల డబ్బు కదా అని చూస్తూ కూర్చోవడం ఎవరివల్లా కాదు. అక్కడికక్కడ ఎంతవరకు ఖర్చుపెట్టే అధికారం తనకుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు, అసలు గొడవంతా అక్కడుంది. ఫలానా పనికని ఇచ్చిన డబ్బు ఆ పనికే వెళ్లాలి, మార్చాలంటే ముందు దాతను అడగాలి. ఇప్పుడైనా ఆయనకు జరిగింది జరిగినట్టు రాయండి, చాలామంది దాతలు అర్థం చేసుకుంటారు. ఒప్పుకోకపోతే సాధారణ నిధి నుంచి పుస్తకాల డబ్బు తిరిగి వేయాల్సిందే. ఇకముందు ఫీల్డ్ లీడర్ చేతిలో అత్యవసర ఖర్చులకని కొంత విడిగా పెట్టించండి. దాన్ని ఆయన ఎవరినీ అడగకుండా వాడొచ్చు, లెక్క మాత్రం ఆ వారంలోనే ఇవ్వాలి. బిల్లు దొరకని చోట ఓచరు చాలు: తేదీ, ఎవరికి, దేనికి, ఎంత, పుచ్చుకున్నవారి సంతకమో వేలిముద్రో, ఒక సాక్షి. అక్కడే ఫోన్లో ఫోటో తీసి మీకు పంపితే నెలాఖరున మీకూ టెన్షన్ ఉండదు, ఆయనకూ ఉండదు. ఎప్పుడైనా ఒకసారి మీరూ వాళ్లతో ఫీల్డ్‌కి వెళ్లిరండి, ఆఫీసులో కూర్చుని అడిగే ప్రశ్నలు కొన్ని మారతాయి.

ప్రశ్న: మా సంస్థలో వ్యవస్థాపకులే డైరెక్టరు, బోర్డు అధ్యక్షులు, చెక్కు మీద సంతకమూ ఆయనదే. బోర్డు సభ్యులం ఏడాదికోసారి కూర్చుని తలూపి వస్తున్నాం. ప్రశ్నిస్తే దైవసేవకుణ్ణి ఎదిరించినట్టు అవుతుందా? – ఒక బోర్డు సభ్యుడు

జవాబు: కాదు. తలూపడానికైతే మీరెందుకు? బడ్జెట్ ఆమోదించడం, లెక్కలు చూడడం, డైరెక్టరు జీతం తేల్చడం, సంస్థ దేనికోసం పుట్టిందో ఆ దారి తప్పకుండా చూడడం మీ పని. ఏ ఊరికి ఎవరు వెళ్లాలి, ఏ పాట పాడాలి అన్నవి ఆయన పని, వాటిలో వేలు పెట్టకండి. అధ్యక్షుడిగా వేరొకరు ఉండాలి, చెక్కుకు రెండు సంతకాలుండాలి, తన జీతం గురించి గానీ తన ఇంట్లోవాళ్ల జీతం గురించి గానీ చర్చ వస్తే ఆయన బయట కూర్చోవాలి, ఆ సంగతి మినిట్స్‌లో రాయాలి.

ఎలా చెప్పాలన్నదే మీ భయమని తెలుసు. మీటింగులో అందరి ముందూ లేపకండి, ముందే ఇంటికెళ్లి మాట్లాడండి. నిర్గమకాండము 18లో యిత్రో చేసింది అదే, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు తీరుస్తున్న అల్లుడితో ఈ పని నీ ఒక్కడివల్ల కాదని మొహం మీదే చెప్పాడు. మోషే చిన్నబుచ్చుకోలేదు, వేయిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులను పెట్టి, కఠినమైన సంగతులే తన దగ్గరికి రానిచ్చాడు. అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం బృందం 1948లో కాలిఫోర్నియాలోని మోడెస్టోలో కూర్చుని డబ్బు విషయంలో జాగ్రత్తగా ఉండాలనీ, సభలకు వచ్చినవాళ్ల లెక్క పెంచి చెప్పకూడదనీ తమకు తామే కట్టడి పెట్టుకుంది. అడిగేవాళ్లు లేక కాదు, అడిగే అవసరం రాకూడదని. మీ వ్యవస్థాపకులకు ఈ మాట చెప్పి చూడండి.

ప్రశ్న: మేం ఏటా విరాళం పంపుతాం. సంస్థ ఏం చేయాలో చెప్పే హక్కు మాకుందా? – ఒక దాత

జవాబు: లెక్క అడిగే హక్కుంది, పగ్గాలు పట్టే హక్కు లేదు. ఇంగ్లండు నుంచి బెంగాల్‌లోని సెరాంపూర్‌కి వచ్చిన మిషనరీల్లో విలియం కేరీ బైబిలు అనువాదాలు, వార్డ్ ముద్రణ, మార్ష్‌మన్ దంపతులు బడులు చూసుకుంటుంటే, ఇంగ్లండులో ఆండ్రూ ఫుల్లర్ వాళ్లను పంపిన బాప్టిస్టు మిషనరీ సొసైటీకి కార్యదర్శిగా చందాలు పోగుచేసేవాడు. 1812లో సెరాంపూర్ ప్రెస్సు తగలబడితే ఇంగ్లండువాళ్లు చకచకా డబ్బు పోగుచేసి పంపారు. 1815లో ఫుల్లర్ పోయాక ఆస్తులు ఎవరి అజమాయిషీలో ఉండాలన్న దగ్గర ఇంగ్లండులోని సొసైటీ కమిటీకీ సెరాంపూర్‌వాళ్లకూ చెడింది, 1827లో విడిపోయారు. రెండువైపులా భక్తిపరులే. కాబట్టి డబ్బు పంపేముందే అడగండి: ఇది దేనికి వాడతారు, మిగిలితే ఏం చేస్తారు, రిపోర్టు ఎప్పుడిస్తారు? ఫీల్డ్ బ్రదర్‌కి నేరుగా ఫోన్ చేసి పనులు పురమాయించడం మాత్రం మానండి, డైరెక్టరు ఒకటి చెప్పి మీరొకటి చెబితే మధ్యలో నలిగేది ఆయనే.