జిబ్రాల్టర్‌లో ఒక పోలీసు కొట్టిన గోల్

"జిబ్రాల్టర్ లాంటి గుప్పెడంత చోట ఫుట్‌బాల్ క్లబ్‌కి చరిత్ర అంటూ ఏముంటుంది? అక్కడ జట్టు కట్టడానికి మనుషులు దొరుకుతారా?" అని ఒకరు అడిగారు. దొరుకుతారు. లింకన్ రెడ్ ఇంప్స్ అనే క్లబ్‌ని నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా వైపు ఏ వీధికి వెళ్ళినా ఓడల మీద పనిచేసేవాళ్ళు నలుగురు కనిపిస్తారు, నేనూ అదే పని. జిబ్రాల్టర్ అంటే స్పెయిన్ దక్షిణపు కొసన ఉన్న బ్రిటిష్ వాళ్ళ చిన్న ప్రాంతం, మాకు మాత్రం మొదట గుర్తొచ్చేది బంకరింగ్. మధ్యధరా దాటి అట్లాంటిక్‌లోకి పోయే ఓడలు అక్కడ లంగరేసి ఆయిల్ నింపుకుంటాయి. డెక్ మీద నిలబడితే ఎదురుగా 426 మీటర్ల కొండ, దాని కింద ఊరు. మొత్తం ఏడు చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు, జనాభా మా ఇచ్చాపురం పట్టణమంత. నాలుగైదుసార్లు అలా దూరం నుంచి చూసి వెళ్ళిపోయినవాడినే. 2016 జులైలో మాత్రం అక్కడే సైన్ ఆఫ్ అయ్యాను, అంటే డ్యూటీ ముగించి ఓడ దిగాను, నాతో పాటు మా బోసన్ (డెక్ మీద పనివాళ్ళకి మేస్త్రీ) కూడా. ఆయనది ఇచ్చాపురం దగ్గరే, వయసులో నాకంటే చాలా పెద్దాయన, అన్నా అనే పిలిచేవాడిని. టికెట్ల వ్యవహారంలో మమ్మల్ని పంపాల్సినవాళ్ళు ఏదో తప్పు చేస్తే రెండు రోజులు ఊళ్ళో ఇరుక్కుపోయాం. (తొమ్మిది నెలలు సముద్రం మీద ఉండి ఇంటికి వెళ్ళేవాడిని ఇలా ఆపడం ఎంత బాధో ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళకు ఎప్పటికీ అర్థం కాదు. దాని గురించి వేరే ఎవరైనా ప్రశ్న అడగండి, రాత్రంతా కూర్చుని రాస్తాను.)

ఆ రెండో రోజు జులై 12. పొద్దున్న ఇంజనీర్ లేన్‌లో ఉన్న హిందూ మందిరానికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని మెయిన్ స్ట్రీట్‌లోకి వచ్చేసరికి ఎక్కడ చూసినా ఆకుపచ్చ, తెలుపు చారల చొక్కాలే. స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి వచ్చిన సెల్టిక్ జట్టు అభిమానులు. ఒక సింధీ షాపాయన హిందీలో చెప్పాడు, సాయంత్రం ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ) క్వాలిఫయర్ ఉందని, ఇక్కడి లింకన్ రెడ్ ఇంప్స్‌తో సెల్టిక్ ఆడుతోందని. 1967లో యూరోపియన్ కప్, అంటే ఇప్పటి ఛాంపియన్స్ లీగే, గెలిచిన సెల్టిక్! బోసన్ అన్న నవ్వేశాడు. "ఏటిరా, ఈళ్ళు ఆళ్ళతో ఆడతారా" అన్నాడు.

టికెట్లు దొరకలేదు. మ్యాచ్ జరిగే విక్టోరియా స్టేడియం అప్పట్లో విమానాశ్రయం రన్‌వేకి ఆనుకునే ఉండేది. దానికి కాస్త దగ్గర్లో ఒక చిన్న బార్‌లో టీవీ ఉంటే అక్కడ కూర్చున్నాం. కౌంటర్ దగ్గరి పెద్దావిడ ఒక వాక్యం ఇంగ్లీషులో మొదలుపెట్టి స్పానిష్‌లో ముగిస్తుంది, వాళ్ళ మాటే అంత, యానీటో అంటారట. ఎర్ర చొక్కాల జట్టులో ఎవరు ఏం పని చేస్తారో ఆవిడే చెబుతూ పోయింది. లీ కాషియారో పోలీసు. అతని తమ్ముడు కైల్ షిప్పింగ్ ఏజెంట్. రాయ్ చిపోలినా కస్టమ్స్ ఆఫీసర్. షిప్పింగ్ ఏజెంట్ అనగానే బోసన్ అన్న లేచి కూర్చున్నాడు. మా ఓడలకి కాగితాలు చూసే పని, లాంచ్ పంపే పని చేసే మనిషి సాయంత్రం సెల్టిక్ మీద ఆడుతున్నాడా అని! అక్కడి నుంచి ఆయన పూర్తిగా లింకన్ మనిషైపోయాడు.

సెకండ్ హాఫ్ మొదలై మూడు నిమిషాలైందేమో. కిటికీలోంచి ఒక్కసారిగా అరుపులు వినిపించాయి. టీవీలో బంతి ఇంకా మైదానం మధ్యలోనే ఉంది. బార్‌లో అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎవరి అరుపులో తెలియదు, గోల్ అయితే ఎవరిదో తెలియదు. ఆ నాలుగైదు సెకన్ల టెన్షన్ నేను తుఫానులో కూడా పడలేదు. అప్పుడు టీవీలో లీ కాషియారో బంతి తీసుకుని డిఫెండర్ని తప్పించుకుని కింద నుంచి బలంగా కొట్టాడు, గోల్ కీపర్ని దాటి మూలకి వెళ్ళింది. కౌంటర్ ఆవిడ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని నిలబడిపోయింది, కళ్ళమ్మట నీళ్ళు. బోసన్ అన్న నా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. ఆ తర్వాత సెల్టిక్ ఎంత ఒత్తినా గోల్ ఇవ్వలేదు. 1-0. బ్రెండన్ రాడ్జర్స్‌కి సెల్టిక్ మేనేజర్‌గా అదే మొదటి పోటీ మ్యాచ్. గోల్ కొట్టిన కాషియారోకి అప్పటికి 34 ఏళ్ళు.

ఇదంతా ఒక్క రాత్రి అదృష్టం అంటారు కొందరు. కాదండీ. 1970ల్లో పోలీసుల కుర్రాళ్ళ జట్టులో ఆడినవాళ్ళు పెట్టుకున్న క్లబ్ అది. పేరు ఇంగ్లండ్‌లోని లింకన్ సిటీ జట్టును గుర్తుచేస్తుంది, వాళ్ళ ముద్దుపేరు కూడా ఇంప్సే, అంటే చిట్టి దయ్యాలు. 1969లో స్పెయిన్ నియంత ఫ్రాంకో జిబ్రాల్టర్ సరిహద్దు గేటు మూసేశాడు. అది నడిచి వెళ్ళేవాళ్ళకి 1982లో, పూర్తిగా 1985లో గానీ తెరుచుకోలేదు. గేటుకి అటూ ఇటూ నిలబడి చుట్టాలు కేకలేసుకుని మాట్లాడుకున్న ఊరు అది. అలా తలుపులేసిన ఇంట్లో పుట్టింది లింకన్. అప్పట్లో ఉన్నది ఒక్క స్టేడియం, లీగ్‌లో అన్ని జట్లూ అందులోనే వంతులేసుకుని ఆడేవి. 2003 నుంచి 2016 దాకా వరసగా 14 సార్లు లింకన్‌దే టైటిల్. కానీ అందులో మొదటి పదేళ్ళు ఆ టైటిల్‌తో యూరప్‌లో అడుగుపెట్టే దారే లేదు, ఎందుకంటే జిబ్రాల్టర్‌కి యూఎఫాలో (యూరప్ ఫుట్‌బాల్ సంఘాల సమాఖ్య) సభ్యత్వం లేదు. అక్కడి ఫుట్‌బాల్ సంఘం పుట్టింది 1895లో! 2007లో ఓటింగ్ పెడితే వచ్చినవి మూడు ఓట్లు. స్పెయిన్ అడ్డం పడింది, కోర్టుల చుట్టూ తిరిగారు, చివరికి 2013లో సభ్యత్వం ఇచ్చారు. అప్పుడు కూడా స్పెయిన్ జట్లతో డ్రాలో కలపకూడదని షరతు.

తలుపు తీశాక ఏమైందో చూడండి. ఈ పోటీల్లో ఇంట్లో ఒక మ్యాచ్, అవతలి ఊళ్ళో ఒక మ్యాచ్ ఆడి గోల్స్ కలిపి చూస్తారు. 2014లో ఫారో దీవుల జట్టు హెచ్‌బీతో ఇంట్లో 1-1తో సమం చేసి, అక్కడ 5-2తో ఓడిపోయారు. 2015లో అండోరా జట్టు శాంటా కొలోమాని దాటారు. 2016లో ఎస్టోనియా జట్టు ఫ్లోరాకి అక్కడ 2-1తో ఓడి, ఇంటికొచ్చి 2-0తో గెలిచి సెల్టిక్ దాకా వచ్చారు. ఏడాదికో మెట్టు. వాళ్ళకి కొత్తగా ప్రతిభ ఎక్కడి నుంచీ ఊడిపడలేదు, అదే పోలీసు, అదే కస్టమ్స్ ఆయన. మారిందల్లా ఒకటే, ఆడటానికి మ్యాచ్‌లు దొరికాయి. జనాభా లెక్కలు చెప్పి చిన్న ఊళ్ళని తీసిపారేసేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే.

పోలీసులు ఫుట్‌బాల్ ఆడటమేంటి అని నవ్వేవాళ్ళకి ఒక మాట. మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే పేరున్న ఫుట్‌బాల్ టోర్నమెంటు గెలిచింది. దానికి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానం దాకా, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం దాకా తీసుకెళ్ళింది ఆయనే. మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? మా ఊరి బడి మైదానంలో మేం చిన్నప్పుడు కొబ్బరి చెట్ల మధ్య గోల్ పోస్టులు అనుకుని ఆడేవాళ్ళం. ఆడే కాళ్ళు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. ఏడాది పొడుగునా వారానికో మ్యాచ్ ఉండే లీగ్ జిల్లాలో పెట్టమనండి, సంక్రాంతికి రెండు రోజుల టోర్నమెంటు పెట్టి, కప్పు ఇచ్చి, ఫొటో దిగి వెళ్ళిపోతే జట్లు తయారుకావు.

మర్నాడు పొద్దున్న మా విమానం. అప్పట్లో టెర్మినల్‌కి వెళ్ళాలంటే రన్‌వే మీదుగానే రోడ్డు. విమానం దిగుతుంటే గేట్లు వేశారు, సామాన్లతో నిలబడ్డాం. గేటు దగ్గర ఒక కుర్ర కానిస్టేబుల్ ఉన్నాడు. బోసన్ అన్న తిన్నగా వెళ్ళి అతని చెయ్యి పట్టుకుని ఊపి "కంగ్రాచులేషన్స్" అన్నాడు. గోల్ కొట్టింది అతనే అన్నట్టు! ఆ కుర్రాడు కూడా అది తనకే అన్నట్టు సిగ్గుపడి థాంక్స్ చెప్పాడు.

జులై 20న గ్లాస్గోలో రెండో మ్యాచ్. ఊళ్ళో సిగ్నల్ సరిగా లేక డాబా ఎక్కి ఫోన్‌లో స్కోరు చూశాను. 3-0, సెల్టిక్ గెలిచింది. రెండు రోజులు అన్నం సయించలేదు, మా ఆవిడకి కారణం చెబితే నమ్మలేదు. తర్వాత 2021లో లింకన్ వాళ్ళు కాన్ఫరెన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల మూడో స్థాయి పోటీ) గ్రూప్ దశకి వెళ్ళారు, జిబ్రాల్టర్ నుంచి అంతదాకా వెళ్ళిన మొదటి క్లబ్ అదే. కోపెన్‌హాగన్, పావోక్, స్లోవన్ బ్రాటిస్లావా ఉన్న గ్రూపులో ఆరుకి ఆరూ ఓడిపోయారు. 2025 అక్టోబర్‌లో పోలండ్ ఛాంపియన్ లెఖ్ పొజ్నాన్‌ని 2-1తో కొట్టారు.

ఆ రోజు నేను ఓడ మీద ఉన్నాను. వాచ్ డ్యూటీ అయిపోయి కేబిన్‌కి వచ్చేసరికి ఇచ్చాపురం నుంచి వాయిస్ మెసేజ్. బోసన్ అన్న రిటైరై ఇంటిపట్టున ఉంటున్నాడు. "ఒరే, మన పోలీసోళ్ళు గెలిసీసినార్రా!"