బాటిల్ ధరలో వైన్ వాటా ఎంత?

ప్రశ్న: ఉద్యోగం మీద విదేశానికి వచ్చి మూడేళ్లయింది. ఇక్కడ మాకు రెడ్ వైన్ అలవాటైంది. వారానికి రెండు మూడు దిగుమతి బాటిళ్లు కొంటాం. అప్పుడప్పుడు రెస్టారెంట్‌లోనూ తాగుతాం. లెక్క చూస్తే జీతంలో పన్నెండో వంతు దీనికే పోతోంది. అయినా కొన్నవాటిలో నిజంగా నచ్చేవి తక్కువే. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు వైన్‌ని పెట్టెల లెక్కన కొని దాచితే పెట్టుబడి కూడా అవుతుందని ఒక మిత్రుడు అంటున్నాడు. రెండేళ్లలో తిరిగి వెళ్లిపోతాం. ఏం చేయమంటారు?

జవాబు: మానేయమంటానేమోనని భయపడుతూ రాసినట్టున్నారు. ఆ మాట డాక్టర్లు చెప్పాలి, నేను డబ్బు సంగతే మాట్లాడతాను.

ముందు బాటిల్ ధరను విడగొట్టి చూడండి. చాలా దేశాల్లో వైన్ మీద ఎక్సైజ్ సుంకాన్ని ధరను బట్టి వేయరు. ఎన్ని లీటర్లు, ఎంత ఆల్కహాల్ అన్నదే లెక్క. బ్రిటన్‌లో 2023 ఆగస్టు నుంచి ఆల్కహాల్ శాతాన్ని బట్టే వేస్తున్నారు. అంటే అన్నిటికంటే చవక బాటిల్‌కీ, దానికి మూడింతల ధర ఉన్నదానికీ ఆల్కహాల్ ఒకటే అయితే సుంకమూ ఒకటే. సీసా, కార్క్, ఓడ కిరాయి కూడా రెంటికీ పెద్ద తేడా ఉండవు. ఇవన్నీ పోను చవక బాటిల్‌లో అసలు వైన్‌కి మిగిలేది చిల్లరే. ఒక మెట్టు పైది కొంటే మీరు అదనంగా పెట్టిన డబ్బులో చెప్పుకోదగ్గ భాగం వైన్‌కే చేరుతుంది. అందుకే వారానికి మూడు చవక బాటిళ్ల బదులు మధ్య అరలోది ఒక్కటి కొనండి. ఖర్చూ తగ్గుతుంది, రుచీ మారుతుంది. హాంకాంగ్ 2008లో వైన్ సుంకాన్ని ఎత్తేసింది. అలాంటి చోట ఈ లెక్క ఇంత గట్టిగా పనిచేయదు.

అలాగని పైకి వెళ్లేకొద్దీ రుచి పెరుగుతూ పోదు. ఒక హద్దు దాటాక మీరు కొనేది పేరునే. 1855 పారిస్ ప్రదర్శన కోసం బోర్డో ఎస్టేట్లకు ఇచ్చిన ర్యాంకులు ఈనాటికీ ధరలను నడిపిస్తున్నాయి. ఇన్నేళ్లలో మొదటి శ్రేణిలోకి కొత్తగా ఎక్కింది ఒక్క మూటోన్ రోత్‌షీల్డే, అదీ 1973లో.

నేనైతే స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు వైన్లు చూడమంటాను. లేబుల్ మీద రిసెర్వా అని ఉందంటే, కనీసం మూడేళ్లు, అందులో ఏడాది ఓక్ పీపాల్లో, మాగిన తర్వాతే అమ్మాలని అక్కడి నియమం. దాచే ఖర్చంతా వాళ్లే భరించారన్నమాట. కానీ చాలా ఇతర దేశాల లేబుళ్ల మీద కనిపించే ‘రిజర్వ్’కి చట్టంలో అర్థమే లేదు. దాన్ని చూసి మోసపోకండి.

రెస్టారెంట్‌లో షాపు ధరకి రెండు మూడింతలు వేయడం మామూలే. మీ బాటిల్ మీరే తెచ్చుకోనిస్తే కార్కేజ్, అంటే బయటి బాటిల్ తెరిచి వడ్డించినందుకు వాళ్లు తీసుకునే రుసుము, ఎంతో ముందే అడగండి. చాలాసార్లు అదే నయం.

ఇక మీ మిత్రుడి సలహా. వద్దు. బోర్డోలో పీపాలో ఉండగానే డబ్బు కట్టించుకుని, రెండేళ్లకు అటూఇటూగా బాటిళ్లు ఇచ్చే పద్ధతి ఉంది. అవి చేతికొచ్చేసరికి మీరు పెట్టె సర్దుకుంటూ ఉంటారు. చల్లని గోదాముకి అద్దె, బీమా, అమ్మేటప్పుడు కమిషన్ మీ మీదే పడతాయి, మధ్యలో వడ్డీ గానీ డివిడెండ్ గానీ రాదు. పైగా నకిలీల బెడద. ఇంట్లోనే పాత వైన్లకు నకిలీలు తయారుచేసి అమ్మిన రూడీ కుర్నియావాన్‌కి 2014లో అమెరికా కోర్టు 10 ఏళ్ల జైలు వేసింది. అతని దగ్గర కొన్నది అనుభవం ఉన్న సేకర్తలే.

బడ్జెట్ సంగతికొస్తే, ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉందా? లేకపోతే ముందు అది. ఉంటే వైన్‌ని జీతంలో మూడు శాతానికి కుదించి, ఆ మొత్తాన్ని జీతం రోజునే వేరే కార్డులో వేసేయండి. కార్డు ఖాళీ అయితే ఆ నెలకు అంతే, టెన్షన్ ఉండదు.

ఇప్పటికే ‘మంచి రోజు కోసం’ దాచినవి ఉంటే బయల్దేరే ముందే తాగేయండి. వెంట తీసుకెళ్దామంటే కస్టమ్స్ పరిమితులు చిన్నవి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి నుంచి వచ్చే ప్రయాణికుడికి సుంకం లేకుండా 4 లీటర్లే, అంటే అయిదు బాటిళ్లు. నేనూ ఒకటి అలాగే దాచాను, ఫ్రిజ్ పైన, వేడి తగిలే చోట. చివరికి సింకులో పోశాను.